రక్షిత కట్టడం పుల్లమ్మ

సూరిబాబు కత్తి పాప తలకి బెత్తెడు దూరంలో ఉండగా తెలిసింది, ఆ తల ప్రభుత్వానిదని.

"ఆపండి! పైకప్పు మీద చెయ్యి వెయ్యకండి!"

కేక వేసిన మనిషి గుడి మెట్లు గబగబా ఎక్కి వచ్చి రొప్పుతున్నాడు. చంకలో ఫైలు, జేబులో మూడు రంగుల పెన్నులు. సూరిబాబు కుటుంబం ఆ గుడి దగ్గర మూడు తరాలుగా పుట్టువెంట్రుకలు తీస్తోంది. పైకప్పు అనగానే అతను తలెత్తి గోపురం వైపు చూశాడు.

"అక్కడ కాదయ్యా, ఇక్కడ" అంటూ ఆ మనిషి పాప నడినెత్తి మీదికి వేలు చూపించాడు.

పాప మేనమామ ఒళ్ళో కూర్చుని సూరిబాబు మీసాలకేసి ఆశగా చూస్తోంది. ప్రత్యూష చప్పున తమ్ముడి ఒళ్ళోంచి కూతుర్ని లాక్కుంది.

"ఎవరండీ మీరు?"

"ద్విభాష్యం పట్టాభి. జిల్లా వారసత్వ పరిరక్షణాధికారిని. ఈ కట్టడం పేరు పుల్లమ్మేనా?"

"కట్టడమేంటండీ? మా పాప."

"పేరు పుల్లమ్మేనా, కాదా?"

"అవును."

"అయితే కట్టడమే" అని పట్టాభిగారు ఫైలు విప్పి గొంతు సవరించుకున్నారు. "ఇందుమూలముగా తెలియజేయునదేమనగా, పుల్లమ్మ అను ప్రాచీన నామము రక్షిత జాబితాలో చేర్చబడినది. సదరు కట్టడమునకు మార్పులు, చేర్పులు, తొలగింపులు శాఖ ముందస్తు అనుమతి లేనిదే చేయరాదు. క్షవరం తొలగింపు కిందికి వస్తుంది."

సూరిబాబు కత్తి మడిచి జేబులో పెట్టుకున్నాడు. "నా సర్వీసులో ఒక్క తలకీ పర్మిషన్ అడగలేదండి" అని గొణిగాడు. కొబ్బరికాయ కొట్టకుండానే కుటుంబమంతా కొండ దిగింది.

*

ఆ పేరు పెట్టింది ప్రత్యూషే. దాని కోసం అత్తగారితో పోట్లాడింది కూడా.

అత్తగారు మంగాదేవి ‘జియాన్వి’ అని పెడదామంది. అర్థమేంటని అడిగితే, "ఇంటర్నెట్లో ఉంది గదమ్మా, ఏదో ఒక అర్థం ఉండకపోద్దా" అంది. కానీ కాలం మారింది. ప్రత్యూష కరెంటాఫీసులో ఇంజనీరు. ఆమె స్నేహితుల్లో ఒకరు కూతురికి అచ్చమ్మ అని పెట్టారు, ఇంకొకరు మాణిక్యమ్మ అని పెట్టారు. పెదలంక పట్టణంలో ఏసీ బారసాలల్లో కేకుల మీద చిట్టెమ్మలూ చాయమ్మలూ క్రీముతో మెరిసిపోతున్నారు. సరిగ్గా అప్పుడే భర్త తాతగారు, కడలి గవర్రాజు, పడక్కుర్చీలోంచి ఎవరితోనో అన్నట్టు అన్నాడు.

"పుల్లమ్మని మన ఇంట్లో ఒక పేరుండేది."

అది ఆయన భార్య పేరు. ఆవిడ పోయి రెండేళ్ళవుతోంది.

"ఎంగిలి విస్తరాకుల పేరమ్మా అది" అని మంగాదేవి నెత్తి కొట్టుకుంది. "మా అత్తగారి ముందు పుట్టినోళ్ళెవరూ బతకలేదంట. ఈవిడ పుట్టగానే తీసుకెళ్ళి పుల్లాకుల మీద, అదే ఎంగిలాకుల మీద, పడుకోబెట్టి, పుల్లమ్మని పిలిచారంట. చావుక్కూడా అసయ్యమేసి ఒగ్గేత్తాదని. ఆ పేరు బంగారంలాంటి పిల్లకా?"

ప్రత్యూష కళ్ళు మెరిశాయి. అచ్చమ్మకీ మాణిక్యమ్మకీ ఇంత కథ లేదు.

బారసాలనాడు ప్రత్యూష భర్త శశికిరణ్ పళ్ళెంలో పోసిన బియ్యం మీద ఉంగరంతో ఆ పేరు రాశాడు. పెద్దవాళ్ళు ముందు పిలవాలన్నారు. గవర్రాజు ఉయ్యాల మీదికి వంగి, "పుల్లమ్మా" అన్నాడు. గొంతు పూడుకుపోయింది. కఫం పట్టేసిందనుకుని కోడలు మంగాదేవి వేడినీళ్ళు తెచ్చిచ్చింది.

ఇక కట్టడం సంగతి.

పై నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి ఏదో సభలో, మన అమ్మమ్మల పేర్లు అంతరించిపోతున్నాయనీ, వాటిని కాపాడి తీరతామనీ కళ్ళు తుడుచుకుంటూ మాట్లాడాడు. చప్పట్లు బాగా పడ్డాయి. పడ్డ చప్పట్లకి ఉత్తర్వు రావాలి. వారసత్వ శాఖలో కొత్త పని వస్తే పాత ఫైలు తీసి, పైన పేరు మార్చి, కింద సంతకం పెట్టడం ఆనవాయితీ. పాత కట్టడాల సంరక్షణ నియమావళి తీశారు. అట్ట మీద ‘కట్టడముల’ కొట్టేసి ‘నామముల’ అని రాశారు. లోపలి పేజీల్లో మార్చాల్సిన ఉద్యోగి భోజనానికి వెళ్ళాడు. వచ్చాక వేరే సీటుకి మార్చేశారు. నియమావళి అలాగే గెజిట్‌కెక్కింది.

తప్పు దొర్లిందని శాఖలో అందరికీ తెలుసు. కానీ తప్పని ఒప్పుకోవాలంటే దానికి ఒక పాత ఫైలుండాలి. ఆ శాఖ అంతకుముందెప్పుడూ తప్పు ఒప్పుకోలేదు కాబట్టి నమూనా దొరకలేదు. అందుకని పట్టాభిగారు దానికి ఒక సిద్ధాంతం తయారుచేశారు.

"పేరు గాల్లో నిలబడదు కదమ్మా" అని ఆయన మర్నాడు ప్రత్యూష ఇంటి హాల్లో కూర్చుని వివరించారు. "దేనిమీదో ఒకదాని మీద నిలబడాలి. నిలబెట్టేది ఏదైతే ఉందో అదే కట్టడం."

"అది ఇంకా నిలబడలేదండీ. బోర్లా పడుతోందంతే" అంది మంగాదేవి.

"శిథిలావస్థలో ఉన్నవాటికే రక్షణ ఎక్కువ అవసరం."

*

పట్టాభిగారితో పాటు ఉమాపతి అనే శాఖ ఇంజనీరు వచ్చాడు. అతను టేపు తీసి పాపని పొడవూ వెడల్పూ కొలిచాడు. చెవి దగ్గర వేలితో తట్టి గుల్లతనం పరీక్షించాడు. పాప కిలకిలా నవ్వి, అతని చొక్కా తడిపింది.

"సార్, నీరు కారుతోంది."

"ఎప్పట్నుంచి?"

"పుట్టినకాడ్నించీ" అంది మంగాదేవి.

"నిర్వహణ లోపం" అని పట్టాభిగారు ఎర్ర పెన్నుతో రాసుకున్నారు. "డైపరు తీసేయండి. కట్టడపు కాలానికి తగని ఆధునిక సామగ్రి వాడరాదు. పాత నూలుచీర గుడ్డలైతే ఆమోదయోగ్యం."

"నేను మొదట్నించీ మొత్తుకుంటూనే ఉన్నాను!" మంగాదేవి ముఖం వెలిగిపోయింది. ఆ శాఖ చేసిన పనుల్లో ఆవిడకి నచ్చింది అదొక్కటే.

సున్నిపిండి నలుగు ప్రాచీన విధానం గనక అనుమతించారు. దిష్టిచుక్క తారు పూత కిందికి వచ్చింది, చెరిపించారు. చెవులు కుట్టించడం గోడలకు రంధ్రాలు చేయడంతో సమానమనీ, దానికి రాజధాని నుంచి నిపుణుల బృందం రావాలనీ తేల్చారు. వెళ్ళేముందు గేటుకి నీలంరంగు బోర్డు బిగించారు. ఉయ్యాలకి చిన్న బోర్డు వేలాడదీశారు. ‘రక్షిత కట్టడం. దీనిపై పేర్లు చెక్కుట, గీతలు గీయుట నేరము.’

ఆ రోజు నుంచి ఉమాపతి రోజూ వచ్చి వరండాలో కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. అతని పని పేరు భద్రంగా ఉందో లేదో చూడటం. మంగాదేవి "నా బుజ్జికొండా" అంది. జరిమానా పడింది. శశికిరణ్ "చిట్టితల్లీ" అన్నాడు. అతనికీ పడింది. పేరు సగం తుంచి పలికినా, బదులు పేరు వాడినా కట్టడానికి నష్టం చేకూర్చినట్టే.

ఆ ఇంట్లో జరిమానా పడనిది గవర్రాజు ఒక్కడికే. ఆయన పాపని ఎప్పుడు పిలిచినా నిండుగా పిలిచేవాడు. పిలవాల్సిన అవసరం లేనప్పుడు కూడా పిలిచేవాడు. "పుల్లమ్మా, వాన పడుద్దేమో పుల్లమ్మా" అనేవాడు.

"ఆ పెద్దాయన్ని చూసి నేర్చుకోండి" అన్నారు పట్టాభిగారు.

గవర్రాజు పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

ఆ ఇంట్లో ఆయనకి ఎప్పటికీ అలవాటు కాని విషయం ఒకటుంది. ప్రత్యూష "శశీ, గ్యాసు కట్టెయ్" అని వంటింట్లోంచి కేకేసినప్పుడల్లా పడక్కుర్చీలో ఉలిక్కిపడి ఆమె వైపు చూసేవాడు. కోపంగా కాదు. మిఠాయి కొట్టు అద్దంలోకి పిల్లలు చూస్తారే, అలాగ. ప్రత్యూష అది గమనించింది గానీ, ముసలాయన చాదస్తం అనుకుని ఊరుకుంది.

*

పాపకి పన్నొచ్చింది.

ఉమాపతి కంగారుగా ఫోన్ చేశాడు. పట్టాభిగారు జీపులో వచ్చి టార్చిలైటు వేసి చూశారు.

"కింది దవడలో అక్రమ నిర్మాణం. తెల్ల రంగు. ఎవరి అనుమతితో కట్టారు?"

"పన్నండీ అది! దానంతటదే వచ్చింది" అంది ప్రత్యూష.

"అక్రమ నిర్మాణాలన్నీ అలాగే వస్తాయమ్మా, ఎవరూ కట్టరు. వారంలోగా స్వచ్ఛందంగా తొలగించండి. లేదంటే శాఖే తొలగిస్తుంది."

"ఇదొక్కటేనా? ఇంకా బోల్డు రావాలండీ."

పట్టాభిగారు టార్చి ఆర్పేసి ఆమెను తేరిపార చూశారు. "అంటే ఇదంతా ఒక పథకం ప్రకారం చేస్తున్నారన్నమాట!"

అప్పుడే ఉమాపతి పాపని తూచి, మొదటిసారి కంటే బరువు పెరిగిందని చెప్పాడు. దాన్ని అనధికార విస్తరణ కింద నమోదు చేశారు. ఉగ్గు తగ్గించమని మంగాదేవికి నోటీసు ఇచ్చారు. "నా ప్రాణం పోయినా తగ్గించను" అని ఆవిడ నోటీసు మీదే ఉగ్గుగిన్నె పెట్టింది.

పన్ను తొలగింపు టెండరుకి ఎవరూ రాకపోవడంతో గడువు దాటినా పన్ను అక్కడే ఉంది. తరవాత సందర్శకులు మొదలయ్యారు. రక్షిత కట్టడాన్ని చూసే హక్కు ప్రజలకుంటుందని నియమావళిలో ఉంది. ఉదయం పది నుంచి సాయంత్రం ఐదు వరకూ. ఒక ప్రైవేటు స్కూలువాళ్ళు విహారయాత్రకి వచ్చారు. పిల్లలు వరసగా ఉయ్యాల చుట్టూ తిరిగి, నోట్సు రాసుకున్నారు. ఒక మాస్టారు, "ఈ శైలిని ఏమంటారు సార్?" అని అడిగితే, పట్టాభిగారు తడుముకోకుండా "మృత్యునిరోధక విస్తరి శైలి. ఇప్పుడు చాలా అరుదు" అన్నారు.

సోమవారం సెలవు. సోమవారాలు కట్టడం మూసి ఉంటుంది. ఉమాపతి ఆదివారం సాయంత్రం పాప గది గుమ్మానికి అడ్డంగా తాడు కట్టి, ‘నేడు సందర్శన లేదు’ అని బోర్డు పెట్టి వెళ్ళిపోయేవాడు.

"తల్లినండీ నేను! పాలివ్వాలి" అంది ప్రత్యూష.

"సిబ్బంది ద్వారం గుండా వెళ్ళొచ్చేమో చూడండి" అన్నాడు ఉమాపతి జాలిగా. "ఉందా?"

లేదు. కానీ సోమవారం ఉమాపతికి కూడా సెలవే గనక ఆ నియమం అమలు చేసేవాళ్ళెవరూ ఉండేవారు కాదు. వారం మొత్తంలో పాప స్వేచ్ఛగా ఏడ్చేది ఆ ఒక్క రోజే.

*

ఇంతవరకూ ప్రత్యూష పళ్ళ బిగువున భరించింది. పిడుగు ఆ తరవాత పడింది.

పాపకి ఆరు నెలలు నిండేసరికి ఆమె ప్రసూతి సెలవు అయిపోతుంది. ఆమెకి పలాస బదిలీ ఆర్డరొచ్చింది. చేరకపోతే ఉద్యోగం పోతుంది. శశికిరణ్ కూడా అక్కడికే వచ్చి ఏదో ఒకటి వెతుక్కుంటానన్నాడు. పాపని తీసుకెళ్తున్నామని చెప్పడానికి వారసత్వ శాఖ ఆఫీసుకి వెళ్ళారు.

పట్టాభిగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "కట్టడాన్ని జిల్లా దాటిస్తారా?"

"పాలు తాగే పిల్లండీ. నన్ను వదిలి ఎలా ఉంటుంది?"

"మీరు వెళ్ళొచ్చు. మీరు రక్షిత జాబితాలో లేరు." ఆయన నియమావళి పేజీలు తిరగేశారు. మనసు మంచిదే. "ఒక్క మార్గం ఉంది. డ్యాముల కింద మునిగిపోయే గుళ్ళని తరలిస్తాం కదా. ఒక్కో రాయికీ నంబరేసి, విడదీసి, లారీలో తీసుకెళ్ళి, అక్కడ మళ్ళీ అదే వరసలో..."

"శశీ! నన్ను పట్టుకో, లేకపోతే ఈయన్ని ఏదో ఒకటి చేసేస్తాను!"

శశికిరణ్ పట్టుకున్నాడు. పట్టాభిగారు బల్ల వెనక్కి జరిగి, నియమావళి అడ్డం పెట్టుకుని, ఇంకో నిబంధన చదివారు. రక్షణ ఎత్తివేయాలంటే దారి ఒకటే. ఆ కట్టడాన్ని జాబితాలో చేర్చమని ప్రతిపాదించిన మనిషి స్వయంగా వచ్చి, అది పాతది కాదని నోటితో ఒప్పుకోవాలి.

"పాతది కాదని మీకు కనపడట్లేదా? ఆరు నెలలు నిండని పిల్ల!"

"ఫైలులో వయసు ఎనభైకి పైన అని ఉందమ్మా. కంటికి కనపడేదాన్ని బట్టి ఫైలు మార్చడం మొదలెడితే ఈ ఆఫీసులో ఒక్క ఫైలు మిగలదు."

"ఎవరు ప్రతిపాదించారు? పేరు చెప్పండి."

"అది రహస్యం. అయితే ఒక్కటి చెప్తాను, తప్పుడు సమాచారం ఇచ్చానని ఒప్పుకున్నవాడికి జైలు. ఇంతవరకూ ఎవరూ ఒప్పుకోలేదు. శుక్రవారం విచారణ పెడతాను. ఆ మనిషి వస్తే సరి. రాకపోతే కట్టడం ఇక్కడే ఉంటుంది."

*

వేట మొదలైంది.

మొదటి అనుమానం ఎదురింటి వాళ్ళ మీదకి పోయింది. గేటు బోర్డు చూసి వాళ్ళు మరీ సంతోషించారు. కానీ ఆ బోర్డు వల్ల వాళ్ళ మేడ మీద రెండో అంతస్తు ఆగిపోయింది. రక్షిత కట్టడం ఎదురుగా ఎత్తు పెంచకూడదట. వాళ్ళు ప్రతిపాదించి ఉండరు.

రెండో అనుమానం మంగాదేవి మీద. కోడలు పాప పేరు మార్చేదాకా ఏడిపించాలని చేసిందేమో. ప్రత్యూష ఆ మాట బయటికి అనలేదు గానీ, అత్తగారు పసిగట్టేసింది. "నేనైతే జియాన్వి అని ప్రతిపాదించేదాన్నమ్మా" అంది చిన్నబుచ్చుకుని. నిజమే.

సోమవారం వచ్చింది. ప్రత్యూష ఉదయమే కరెంటాఫీసుకి వెళ్ళి, గడువు పెంచమని బతిమాలి, కుదరదనిపించుకుని, మధ్యాహ్నానికే ఇంటికి తిరిగొచ్చింది. శశికిరణ్ బయటికెళ్ళాడు. మంగాదేవి నూలుగుడ్డలు ఉతుకుతూ పెరట్లో ఉంది. పాప గది గుమ్మానికి తాడు ఉంది. దాని వెనక నుంచి ఎవరో మాట్లాడుతున్నారు.

ప్రత్యూష చెప్పులు విడిచి గోడవారగా నిలబడింది.

"పుల్లమ్మా. తలనొప్పి తగ్గిందా, పుల్లమ్మా?"

గవర్రాజు గొంతు. పాప ఏదో కూసింది.

"కాఫీలో పంచదార తక్కువైందని ఆ రోజు విసుక్కున్నాను గానీ, నిజానికి సరిపోయిందే. నీకు తెలుసులే, పుల్లమ్మా. మోకాళ్ళు ఎలా ఉన్నాయి? కాలవ లాకుల దగ్గర మన క్వార్టరు పడగొట్టేశారంట. నువ్వేసిన కరివేపాకు చెట్టు మాత్రం ఒగ్గేశారు. వింటన్నావా, పుల్లమ్మా?"

మోకాళ్ళ నొప్పి ఎలా ఉందని ఆరు నెలలు నిండని పిల్లని ఎవరూ అడగరు.

ప్రత్యూషకి ఒక్కసారిగా అన్నీ గుర్తొచ్చాయి. బారసాలనాడు పూడుకుపోయిన గొంతు. తను "శశీ" అన్నప్పుడల్లా ఉలిక్కిపడి చూసిన చూపు. పేపరు చాటున దాక్కున్న ముఖం. దొంగ దొరికాడు. తాడు ఇవతల ఉన్న ఆమె తాడు అవతలికి మాత్రం వెళ్ళలేకపోయింది. ఒప్పుకుంటే ఆయనకి జైలు. ఒప్పుకోకపోతే తనకి పాప లేదు. అదీ గాక, ఆయన గొంతులో వినపడింది నేరం కాదు.

చెప్పులు చేత్తో పట్టుకుని బయటికి వెళ్ళి, గేటు చప్పుడు చేసి మళ్ళీ వచ్చింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర, ఎవరి ముఖం చూడకుండా చెప్పింది. "శుక్రవారం విచారణ. ఆ ప్రతిపాదించినవాళ్ళు రాకపోతే శనివారం నేనొక్కదాన్నే బస్సెక్కుతాను. పాపకి పోతపాలు అలవాటు చెయ్యండి, అత్తయ్యగారూ."

గవర్రాజు కలిపిన ముద్ద నోటిదాకా వెళ్ళి, మళ్ళీ కంచంలోకి దిగింది.

*

శుక్రవారం వారసత్వ శాఖ విచారణ మందిరంలో కుటుంబమంతా హాజరైంది. కట్టడాన్ని కూడా తీసుకొచ్చారు. రవాణా అనుమతి పత్రం దాని మొలతాడుకి కట్టి ఉంది. కట్టడం ఆ పత్రం మూల నములుతోంది.

పట్టాభిగారు బల్ల మీద గంట కొట్టారు. "పుల్లమ్మ అను రక్షిత కట్టడము విషయమై విచారణ. ప్రతిపాదకులు ఎవరైనా ఉన్న యెడల ముందుకు రావలసినది. లేని యెడల..."

ప్రత్యూష పాప అరికాలిని గుప్పిట్లో పట్టుకుని కూర్చుంది. తల తిప్పి వెనక వరస వైపు చూడాలనిపించింది. చూడలేదు. చూస్తే ఆయనకి లేవడం తప్పదు.

"లేని యెడల, కట్టడము యథాస్థానమున..."

వెనక వరసలో కుర్చీ కిర్రుమంది. కర్ర టకటకలాడుతూ నడవ మధ్యలోంచి ముందుకొచ్చింది.

"తాతయ్యా! కూర్చో, బాత్‌రూం అటు పక్క" అన్నాడు శశికిరణ్.

గవర్రాజు మనవడి చెయ్యి విదిలించుకుని బల్ల ముందు నిలబడ్డాడు.

"రాసుకోండి బాబూ, నేనేనండి. కడలి గవర్రాజు. ఈ పిల్ల పాతది కాదండి. ఆరు నెల్లు కూడా నిండలేదు. వయసు ఎనభైకి పైన అని మీకు చెప్పింది నేనే. అది మా ఆవిడ వయసు. పాతది మా ఆవిడండి. ఆవిడ పోయింది.

మా రోజుల్లో మొగుడు పెళ్ళాన్ని పేరెట్టి పిలిస్తే వీధి వీధంతా నవ్వేది. పైగా మా అమ్మ ఎప్పుడూ ఎదురుగానే కూచునుండేది. అందుకని ‘ఇదిగో’ అన్నాను. ‘ఏమేవ్’ అన్నాను. పిల్లాడు పుట్టాక, ‘ఒరే, మీ అమ్మనిలా రమ్మను’ అన్నాను, ఆవిడ నా పక్కనే నిలబడున్నా కూడా. అలాగే ముసిలోళ్ళమైపోయాం. ఆస్పత్రిలో ఆఖర్రోజున నర్సమ్మ, ‘పేరెట్టి గట్టిగా పిలవండి తాతా, పలుకుద్దేమో’ అంది. చుట్టూ నలుగురున్నారని సిగ్గేసిందండి. ‘ఇదిగో’ అన్నాను. ఎవరినో అనుకుందో ఏమో, పలకలేదు.

పోయాక నోరొచ్చింది. కానీ ఎవర్ని పిలవను? గోడని పేరెట్టి పిలిస్తే పిచ్చెక్కిందంటారు. ఉయ్యాలని పిలిస్తే మురిసిపోతన్నాడంటారు గదండీ. ఈ అమ్మాయికి పాత పేర్ల మోజుందని కనిపెట్టి, పడక్కుర్చీలోంచి ఓ మాట వదిలాను. తగులుకుంది. కానీ మోజులెన్నాళ్ళుంటాయి? రేపు బళ్ళో వేసేటప్పుడు మార్చేస్తారు. ఈలోపు ఇంట్లో బుజ్జి అంటారు, చిట్టి అంటారు. సర్కారోళ్ళు పేర్లు కాపాడతారని పేపర్లో చూసి మీ దగ్గరికొచ్చాను. ‘కట్టడం ఎక్కడుంది’ అని మీరే అడిగారు. ‘ఉయ్యాల్లో ఉంది’ అన్నాను. మీరు తలెత్తకుండా రాసేసుకున్నారు. నేను మాత్రం ఏం చెయ్యను?

ఆ పైన పన్ను పీకుతామన్నప్పుడే చెప్పేద్దామనుకున్నానండి. ఇంకో వారం పిలుచుకుని చెబుదాంలే అనుకున్నాను. ఆ వారం అయ్యాక ఇంకో వారం అనుకున్నాను. ఉన్న మాట చెప్పాలి గదా, నాకు బావుంది. పెళ్ళాన్ని పిలవాల్సిన పేరు పిల్లని అడ్డం పెట్టుకుని పిలిచాను. నేరం అదే అయితే వేసెయ్యండి శిక్ష. మీ జైల్లో పేరెట్టి పిలుస్తారో నంబరెట్టి పిలుస్తారో గానీ, ‘ఇదిగో’ అని మాత్రం పిలవనియ్యకండి.

ప్రత్యూషమ్మా, సోమవారంనాడు గేటు చప్పుడు రెండుసార్లయింది. నాకు చెముడు లేదమ్మా. పిల్లని తీసుకుని బస్సెక్కు. బళ్ళో వేసేటప్పుడు పేరు మార్చాలనిపిస్తే మార్చుకో, నేనేమీ అనుకోను. అనుకుంటాను గానీ పైకి అనను. రోజుకోసారి ఫోన్ చేసి, దాని చెవి దగ్గర పెట్టు. అంతే చాలు.

సోమవారం కూడానమ్మా."